సాంచల టీముతో ఆదిలాబాద్ నుంచి వెనక్కి

ఊళ్లు చూడబోయేవాళ్లు దగ్గరి ఊరు ముందు చూసి దూరపు ఊరు తర్వాత చూస్తారు. మేము ముందు దూరపు ఊరికి పోయి, అక్కడి నుంచి ఇంటి వైపు ఒక్కో ఊళ్లో హాకీ ఆడుకుంటూ వచ్చాం. ఈ తెలివి నాది. అది ఎంతవరకు పనిచేసిందని మాత్రం ఇప్పుడే అడగకండి.

మా సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. మా టీములో పదకొండు మందీ సాంచలు నడిపేవాళ్లే. పన్నెండోవాణ్ణి నేను. నాకు ఆట రాదు, నోరుంది. బట్టల ఏజెంటుగా ఆదిలాబాద్ దాకా ప్రతి ఊళ్లోనూ ఒక దుకాణం గడపైనా అరగదీశాను కనుక నన్ను మేనేజరును చేశారు.

కిందటేడు బస్సు దారినే పోయాం. మొదట తగిలేది జగిత్యాల. ఈ దిక్కున అంతకు మించిన టీము లేదు. ఏడు గోల్స్ కొట్టారు, మావాళ్లు ఒక్కటీ కొట్టలేదు. ఆ ఏడు గోల్సూ నెత్తిన పెట్టుకుని మెట్‌పల్లి పోయి ఓడాం, నిర్మల్ పోయి ఓడాం. చివరికి ఆదిలాబాద్‌లో, ఏ టీము ఆట చూడడానికి సొంత ఊరివాళ్లు కూడా రారో, ఆ టీము చేతిలోనూ ఓడాం. అప్పుడు నాకు తోచింది. ఓడించింది నాలుగు ఊళ్లు కావు, మొదటి ఊరే. కాబట్టి ఈసారి వరస తిప్పాలి. సులువైన ఆదిలాబాద్ ముందు, కష్టమైన జగిత్యాల చివర. గెలుస్తూ వస్తే ధైర్యం దానంతటదే పెరుగుతుంది.

ఆరు రోజుల సెలవు అడగడానికి సేటు దగ్గరికి పోయాం. సాంచలు ఆయనవి, హాకీ కట్టెలు కొనిచ్చిందీ ఆయనే. నేను మా గెలుపు అవకాశాలను అరగంట వర్ణించాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"రాజన్నా, నీ మాట నాసిరకం బట్టతాను అసొంటిది. గంజి పెట్టి బరువు జేస్తవు. ఉతికితే సగం పోతది. నేను గా మిగిలిన సగమే నమ్ముత" అన్నాడు. తర్వాత మా కెప్టెన్ నరహరి వైపు తిరిగాడు. "నాలుగు ఆటల్ల రెండు గెల్చి రాండ్రి. లేదంటే గీ హాకీ బంద్. కట్టెలు సాంచల కింద చెక్కలేసుకుంట. క్రికెట్ పెట్టుకుందాం. అండ్ల ఇద్దరే ఉర్కుతరు, కడమోళ్లు సాంచల మీద ఉండొచ్చు."

నరహరి పదిహేనేళ్లుగా రోజుకు పన్నెండు గంటలు సాంచ ముందు నిలబడతాడు. వారానికి ఒక్క సాయంత్రం మైదానంలో పరుగెత్తుతాడు. వాడికున్న సంబరం అదొక్కటే. బస్సెక్కేటప్పుడు నాతో అన్నాడు. "కాకా, కట్టె లేకుంట నేను ఉండలేను. జర చూస్కో."

ఆదిలాబాద్: మల్లేశం రొట్టె వద్దన్న రోజు

మాఘమాసంలో ఆదిలాబాద్ చూడనివాళ్లకు చలి సంగతి చెప్పాలి. అక్కడ పాలు తోడేస్తే పెరుగు కావడానికి మూడు రోజులు ఆలోచిస్తాయి. నేను చూసిన ఒక కుండ బహుశా ఇంకా ఆలోచిస్తూనే ఉంటుంది. రోడ్డు పొడుగునా మార్కెట్టుకు పోయే పత్తి బండ్లు. మావాళ్లు నూలునే తప్ప పత్తిని అంత పెద్ద కుప్పల్లో ఎన్నడూ చూడలేదు. ప్రతి బండిలోనూ చెయ్యి పెట్టి చూసి, బండివాళ్ల చేత తిట్లు తిన్నారు.

భోజనం కమలాబాయి ఇంట్లో. ఇంటి ముందు గదిలో బాటసారులకు అన్నం పెడుతుంది, నిజానికి పెట్టేది జొన్నరొట్టె. పళ్లెమంత రొట్టె, శనగపిండితో చేసిన పిట్ల, పక్కన నూరిన పచ్చిమిరపకాయ. మనిషికి రెండు రూపాయలు, ఎన్ని తిన్నా అడగదు. మా దగ్గర రొట్టె అంటే అన్నం వండే ఓపిక లేనప్పటి తిండి. అక్కడ దానికి దొరసాని మర్యాద. మా గోల్‌కీపర్ మల్లేశం తొమ్మిది తిన్నాడు.

"కాయ్ బాబా, ఆడనీకొచ్చినవా, తిననీకొచ్చినవా?" అని మరాఠీ కలిపి అడిగింది కమలాబాయి.

"రెండిట్లకు, అవ్వా."

"ఐతే తినుడే మంచిగ చెయ్యి. మా ఊరి టీముల కొత్తోళ్లు నలుగురు వచ్చిండ్రు. యవత్మాల్ దిక్కోళ్లు, పత్తి జిన్నింగ్ మిల్లుల పనికొచ్చిండ్రు. గీడనే తింటరు. బంతి కంటికి ఆనకుంట కొడ్తరట."

నేను చేతిలోని రొట్టె ముక్క కింద పెట్టేశాను. ఏడాదిలో ఊరి టీము మారుతుందని లెక్కలో వేసుకోని మేనేజరును నేనే.

మైదానం ఊరి చివర, చుట్టూ చేలు. ఎంత నిశ్శబ్దమంటే చీమ నడిస్తే అడుగుల చప్పుడు వినబడుతుంది. ఇక్కడ మావాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. సాంచల షెడ్డులో మాట వినపడదు. ఇరవై నాలుగు సాంచలు ఒక్కసారి మోగుతుంటే అరిచి లాభం లేదు, అంతా చేతుల సైగలే. రెండు వేళ్లు ఊపితే ఒక మాట, నుదురు తాకితే ఇంకో మాట, పిడికిలి పెదవుల దగ్గర పెడితే చాయ్. మైదానంలోనూ అలాగే సైగలతోనే ఆడతారు. కానీ నిశ్శబ్దం వాళ్లకు అలవాటు లేదు. అవతలివాళ్లు ఒకరినొకరు పిలుచుకుంటే మావాళ్లు ఉలిక్కిపడి అటు తిరుగుతారు. తిరిగేలోపల బంతి పోతుంది.

"చెవులు గుయ్యిమంటున్నయ్ కాకా. గింత సప్పుడు లేకుంటెట్ల?" అన్నాడు నరహరి మధ్య విరామంలో. నేనది ఓడేవాడి సాకు అనుకున్నాను. మూడు సున్నాతో ఓడాం.

ఆ సాయంత్రం కమలాబాయి రొట్టె వడ్డించబోతే మల్లేశం వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. టీము మునుగుతున్నదని నాకు అప్పుడు అర్థమైంది. కిందటేటిలాగే అవుతుంది, ఈ మూడు గోల్సూ మోసుకుంటూ ఊరూరా ఓడతారు. గొంతు సవరించుకున్నాను.

"మీకు చెప్పొద్దనుకున్న. పోయిన నెలల గీ ఆదిలాబాదోళ్లు జగిత్యాలోళ్లకు ఆరు గోల్స్ కొట్టిండ్రు. ఆరోది పడ్డంక జగిత్యాల గోల్‌కీపర్ బంతి చేతికిచ్చి, మీరే ఉంచుకోండ్రి అన్నడట. గసొంటోళ్లు మీకు మూడే కొట్టిండ్రు. నాలుగు ఊళ్లల్ల అందరికన్న గట్టి టీము గిదే. మీరు భయపడ్తరని దాచిన."

"నిజంగనా కాకా?" అన్నాడు నరహరి.

"అబద్ధమైతే ఇగ జన్మల ఇంకో అబద్ధమాడ."

మల్లేశం ఒక రొట్టె తీసుకున్నాడు. తర్వాత ఇంకోటి.

నిర్మల్: కుళ్లని మామిడిపండు

నిర్మల్‌లో బొమ్మలు చేసే వీధిలో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని మామిడిపండుకు రంగు వేస్తున్నాడు. కర్ర మామిడి. పొనికి కర్రట, చేతిలో పెట్టుకుంటే పిట్ట ఈకంత బరువు. దాని మీద చింతగింజల పిండి పూసి, ఎండబెట్టి, రంగు వేస్తారు. ముచ్చిక దగ్గర చిన్న నల్ల మచ్చ కూడా పెట్టాడు, పండు మీద జీడి కారినట్టు.

మల్లేశం తన బిడ్డ కోసం బేరమాడాడు. ఆరు రూపాయలన్నాడాయన.

"ఆరు రూపాయలకు డజను అసలు పండ్లే వస్తయి గద తాతా."

"గవి రేపటికి కుళ్తయి బిడ్డా. గిది నీ మనుమడు సుత చూస్తడు."

ఐదుకు తెగింది. మల్లేశం దాన్ని తువ్వాలలో చుట్టి గోల్ పక్కన పెట్టుకుని ఆడాడు.

ఆట మైదానానికి ఆనుకునే ఒక బియ్యపు మిల్లుంది. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా అది ఊపిరి తీసుకోకుండా మోగింది. నిర్మల్ వాళ్లు అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్నారు. మావాళ్లు మాత్రం చేతులూపుకుంటూ, ఇంట్లో తిరిగినట్టు తిరిగారు. నరహరి రెండు గోల్స్ కొట్టాడు, వాళ్లొకటి కొట్టారు. ఒక గెలుపు చేతికొచ్చింది.

నేను మీసం దువ్వుకున్నాను. ఒక్క అబద్ధం, రెండు గోల్స్. ఇంత గిట్టుబాటు బట్టల వ్యాపారంలో కూడా చూడలేదు. ఆ మిల్లు మోతను నేను చెవిన వేసుకోనే లేదు.

బాసర: బంతికి బొట్టు

మధ్యలో ఒక రోజు ఖాళీ. గోదావరిలో మునిగి, సరస్వతమ్మ దర్శనానికి వరసలో నిలబడ్డాం. మా ముందంతా పలకలు పట్టుకున్న పిల్లలు, వాళ్ల చేత అక్షరాలు దిద్దించడానికి వచ్చిన తల్లిదండ్రులు. పిల్లల్లో సగం మంది మరాఠీలో, సగం మంది తెలుగులో ఏడుస్తున్నారు. ఏడుపు మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే.

నరహరి పలక బదులు హాకీ బంతి పెట్టాడు. పూజారి బంతినీ వాణ్ణీ మార్చి మార్చి చూశాడు.

"ఇది ఏం విద్య నాయనా?"

"వచ్చినోనికి విద్యే అయ్యగారు. మాకింక మంచిగ రాలే."

పూజారి నవ్వి బంతికి కుంకుమ బొట్టు పెట్టాడు. ఆ బొట్టు చెరిగిపోతుందని మరునాడు ఆ బంతితో ఎవరినీ ఆడనివ్వలేదు నరహరి. గుడి బయట అరటిపండ్లు డజను రూపాయిన్నర. మా ఊళ్లో రూపాయి పావలా. సరస్వతి ఉన్నచోట లెక్కలు తెలిసినవాళ్లు ఎక్కువ.

మెట్‌పల్లి: పసుపు దుమ్ము

మెట్‌పల్లిలో దిగేసరికి పసుపు మార్కెట్టు జోరుగా ఉంది. గాలి కూడా పచ్చగా కనబడింది. మధ్యాహ్నానికి మావాళ్ల తెల్ల మేజోళ్లు పెళ్లికొడుకు కాళ్లయ్యాయి. ఆటకు ముందే నరహరి తమ్ముడి వరస వాడొకడు, "గట్టి టీముతోనే మూడిటితో బయటవడ్డం. వీళ్లెంత" అన్నాడు. నేను వారించాల్సింది. వారించకపోగా, మెట్‌పల్లి గోల్‌కీపర్‌కు సాయంత్రమైతే కళ్లు కనిపించవని ఒక ముక్క నేనూ కలిపాను.

ఆ కళ్లు కనిపించని మనిషి బంతి ఒక్కటి కూడా వదల్లేదు. మావాళ్లలో ప్రతివాడూ తానే గోల్ కొట్టాలని పక్కవాడికి బంతి ఇవ్వలేదు, సైగ చూడలేదు. రెండు సున్నాతో ఓడాం.

అంపైరుగా ఉన్న పెద్దమనిషి, అక్కడి బడిపంతులు, మమ్మల్ని చాయ్‌కి పిలిచాడు. మా దగ్గర చాయ్ ముప్ఫై పైసలు, అక్కడ నలభై. కానీ పాలు కనిపించాయి. నరహరి ఆయనతో అన్నాడు. "ఫికర్ లేదు సార్. రేపు జగిత్యాలోళ్లే గదా. పోయిన నెల ఆదిలాబాదోళ్లు వాళ్లకు ఆరు కొట్టిండ్రు."

"ఎవలు చెప్పిండ్రు?" అన్నాడు పంతులు. "ఆదిలాబాదోళ్లకూ జగిత్యాలోళ్లకూ రెండేండ్ల నుంచి ఆటనే లేదు. నడుమ లొల్లి అయింది."

పదకొండు మంది నా వైపు తిరిగారు. నేను చాయ్ గ్లాసులోకి చూశాను. అందులో దూకడానికి చోటు లేదు.

కొండగట్టు: ఒట్టు

మరునాడు పొద్దున జగిత్యాలలో దిగకుండా, ముందుకు పోయి కొండగట్టు ఎక్కాం. మల్లేశం మొక్కు ఉందన్నాడు. బస్సులో నా పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు. కొండగట్టు అంజన్న దగ్గరికి దయ్యం పట్టినవాళ్లను తెచ్చి వదిలిస్తారని ప్రతీతి. మెట్లెక్కుతుంటే మల్లేశం నన్ను అదే చూపు చూశాడు.

పైన కోతి ఒకటి వాడి చంకలోని తువ్వాల లాగి, నిర్మల్ మామిడిపండు ఎత్తుకుపోయింది. గోడెక్కి కొరికింది. తిప్పి చూసింది. ఇంకోసారి కొరికింది. తర్వాత దాన్ని సరిగ్గా నా కాళ్ల ముందుకు విసిరి, పళ్లు ఇకిలించింది. వానరాలకు కూడా నా పేరు తెలిసిపోయిందనుకున్నాను. మల్లేశం పండు తీసుకుని తుడిచాడు. రంగు కొంచెం లేచింది, రెండు పంటిగాట్లు పడ్డాయి.

దర్శనం అయ్యాక మల్లేశం నా చెయ్యి పట్టి గుడి ముందు నిలబెట్టాడు.

"కాకా, పొద్దుగూకేదాక మాకు అబద్ధం చెప్పనని ఒట్టు వెట్టు."

పెట్టాను. ఆ వయసులో నాకది కొత్త పని.

"ఇప్పుడు చెప్పు. ఆదిలాబాదోళ్లు?"

"అందరికన్న అల్కగ ఓడే టీమనుకొనే మిమ్మల్ని ఆడికి తీస్కపోయిన."

"జగిత్యాలోళ్లు?"

"మనకన్న మంచిగ ఆడ్తరు."

"మరి మనం?"

దీనికి నా దగ్గర అబద్ధాలు పదున్నాయి, నిజం ఒక్కటీ లేదు. "ఎరుకలేదురా" అన్నాను.

నరహరి మెట్టు మీద కూర్చుని కట్టెకు చుట్టిన గుడ్డ బిగిస్తున్నాడు. తలెత్తకుండానే అన్నాడు. "నాకెరుకే. ఆరు గోల్స్ నీ అబద్ధం. నిర్మల్ల రెండు గోల్స్ అబద్ధం గాదు గద. గవి నీ మాట కొట్టలే, నా కట్టె కొట్టింది. నిన్న పోగు తెగింది. తెగితే ముడేస్తం, సాంచ ముంగట కూసోని ఏడుస్తమా?"

"నిర్మల్ల గా మిల్లు సప్పుడు మంచిగుండె" అన్నాడు మల్లేశం, పంటిగాట్ల మీద వేలు రాస్తూ. "షెడ్ల ఉన్నట్టే ఉండె."

ఆదిలాబాద్ నిశ్శబ్దం, నిర్మల్ మిల్లు, అప్పుడు నా బుర్రలో ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. నేను మెట్లు గబగబా దిగాను. వయసులో ఉన్నప్పుడు కూడా అంత వేగంగా దిగలేదు.

జగిత్యాల: ఆగకుండా మోగిన డప్పులు

జగిత్యాల బస్టాండు దగ్గర ఐదుగురు డప్పులవాళ్లు పెళ్లి ముగించుకుని చాయ్ తాగుతున్నారు. నేను పక్కన చేరాను. ఒట్టు మావాళ్లకు అబద్ధం చెప్పనని. డప్పులవాళ్ల ఊసు అందులో లేదు.

"మీ ఊరోళ్లు ఇయ్యాల సిరిసిల్లోళ్లను ఓడగొట్టవోతున్నరు. డప్పు లేక మైదానం బోసిగున్నది. ఆడున్న పెద్దమనుషులు చూసి ఇస్తరు."

"గెలిచినంక కొట్టాల్నా?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

"ముందుగాల్నుంచే. నడుమ ఆగితే అపశకునం."

కిందటేటి ఏడు గోల్స్ రుచి తెలిసిన జనం మైదానం చుట్టూ నిండుగా ఉన్నారు. డప్పులు మొదలవగానే ఊరివాళ్లు పొంగిపోయారు. పెద్దమనుషులు నోట్లు తీసి డప్పులవాళ్ల చేతుల్లో పెట్టారు. యువకులు గీత పక్కన చిందులు వేయడం మొదలుపెట్టారు. నేను కూడా రెండడుగులు వేశాను, అనుమానం రాకుండా.

మొదటి పది నిమిషాల్లోనే జగిత్యాల ఒక గోల్ కొట్టింది. నేను వేళ్లు లెక్కపెట్టుకున్నాను. ఒక్కటే గెలుపు, రెండు ఓటములు, ఇదీ పోతే ఇక అంతే. మల్లేశం వలలోంచి బంతి తీసి, మధ్యకు విసిరి, నరహరి వైపు రెండు వేళ్లు ముడి తిప్పినట్టు తిప్పాడు. షెడ్డులో ఆ సైగకు అర్థం పోగు తెగింది, ముడెయ్యి అని.

తర్వాత డప్పుల మోత ఇంకా పెరిగింది. జగిత్యాల కెప్టెన్ నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు, పక్కనున్నవాడికే వినపడటం లేదు. ఎడమవాడు కుడికి, కుడివాడు ఎడమకు పరుగెత్తుతున్నారు. మావాళ్ల మొహాల్లో మాత్రం పొద్దుటి పూట సాంచ ఆన్ చేసినప్పటి నెమ్మది. ఒకడు నుదురు తాకితే బంతి అటు పోయింది, ఒకడు మోచెయ్యి తడితే ఇటు వచ్చింది. నరహరి ఒకటి కొట్టాడు. మధ్య విరామం తర్వాత ఇంకోటి. చివరి పావుగంట బంతి మల్లేశం మీదికే వచ్చింది. వాడు కాళ్లతో, చేతులతో, ఒకసారి గడ్డంతో ఆపాడు. గడ్డంతో ఆపింది నిజమే, కొండగట్టు ఒట్టు.

విజిల్ పడింది. రెండు, ఒకటి. డప్పులు ఇంకా మోగుతూనే ఉన్నాయి, ఆగితే అపశకునమని నేనే చెప్పాను.

జగిత్యాల కెప్టెన్ చెమటలు తుడుచుకుంటూ నరహరి దగ్గరికి వచ్చాడు. "ఏం మాట్లాడుకోకుంట ఎట్ల ఆడ్తరన్నా మీరు?" అని వాడి చెవిలో అరిచాడు. నరహరి పిడికిలి పెదవుల దగ్గర పెట్టి చూపించాడు. ఆ మనిషికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత నవ్వి, తానూ పిడికిలి పెదవుల దగ్గర పెట్టాడు. ఇరవై రెండు మందికీ చాయ్ ఆయనే చెప్పాడు. జగిత్యాల చాయ్ మెట్‌పల్లి చాయ్ కంటే బాగుందని ఇక్కడ రాస్తే పంతులుగారు నొచ్చుకుంటారు. కానీ బాగుంది.

మళ్లీ సిరిసిల్ల

తెల్లవారి పనివేళకు సేటు షెడ్డులోనే ఉన్నాడు. ఇరవై నాలుగు సాంచలు మోగుతున్నాయి, గోడలు వణుకుతున్నాయి. మేము వరసగా నిలబడ్డాం. సేటు కనుబొమలెగరేసి అడిగాడు.

నరహరి నిజాయితీగా రెండు వేళ్లు చూపించాడు.

సేటు వాడి వేళ్లను చూశాడు. వెనకనున్న నన్ను చూశాడు. ఈ లెక్క ఎవరు నేర్పారో తనకు తెలుసన్నట్టు తల ఊపి, ముందుకు వచ్చి, నరహరి రెండు వేళ్లలో ఒకదాన్ని మెల్లగా మడిచేశాడు. నరహరి మొహం పాలిపోయింది. ఏదో అనబోయాడు. ఆ మోతలో ఎవరికి వినపడుతుంది? సేటు మేము మూలన పెట్టిన హాకీ కట్టెల వైపు నడిచాడు.

పొద్దు ఎప్పుడో నిన్ననే గూకింది. నేను అడ్డం పోయి సేటు ముందు చెయ్యెత్తాను. నాలుగు వేళ్లు. మావాళ్లను చూపించి, గెలుపులు చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నారని బుగ్గలు నొక్కుకున్నాను. మళ్లీ నాలుగు వేళ్లు.

సేటు భుజాలు కదిలేలా నవ్వాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. ఉతికి పిండినట్టు ఒకసారి విదిలించి, నాలుగు వేళ్లలో రెండు మడిచాడు. మిగిలిన రెంటినీ కాసేపు చూసి, సరేనని తల ఊపి, మూల నుంచి ఒక కట్టె తీసి నరహరి చేతికిచ్చి పోయాడు.

నరహరి కట్టెను గోడకు ఆనించి, తన సాంచ దగ్గరికి పోయి ఆన్ చేశాడు. అక్కడి నుంచి నా వైపు తిరిగి, పిడికిలి పెదవుల దగ్గర పెట్టాడు.